కార్ ఇన్సూరెన్స్‌లో మెడికల్ పేమెంట్స్ ఉంచుకోవాలా, తీసేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నారు, ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఇంటిల్లిపాదికీ ఉంది. కార్ పాలసీ రెన్యూవల్‌లో మెడికల్ పేమెంట్స్ 5,000 డాలర్లు అనే లైన్ చూశారు. హెల్త్ ఇన్సూరెన్స్ ఉండగా ఇది దండగ కదా, తీసేయనా అని అడిగారు. చివర్లో, వేసవికి అమ్మానాన్న వస్తున్నారని కూడా రాశారు. అసలు విషయం ఆ చివరి మాటలోనే ఉందండీ. తీసేయకండి. కనీసం వాళ్లు తిరిగి విమానం ఎక్కేదాకా ఉంచండి.

ఇక్కడ అందరూ దీన్ని మెడ్‌పే అంటారు. యాక్సిడెంట్ అయితే తప్పు ఎవరిదని చూడకుండా, మీ కార్లో కూర్చున్న ప్రతి ఒక్కరి వైద్య ఖర్చులనూ లిమిట్ దాకా కడుతుంది. 5,000 అంటే మనిషికి 5,000, కారు మొత్తానికి కాదు. మామూలుగా డిడక్టిబుల్, అంటే ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం, ఉండదు. అంబులెన్స్, ఎమర్జెన్సీ రూమ్, స్కానింగ్, పన్ను విరిగితే డెంటిస్ట్, ప్రాణం పోతే అంత్యక్రియల ఖర్చు కూడా ఇందులోకి వస్తాయి. పోయిన జీతం మాత్రం రాదు. మీరూ, మీ ఇంట్లోనే ఉండే కుటుంబ సభ్యులూ వేరేవాళ్ల కార్లో వెళ్తున్నా, రోడ్డు దాటుతుంటే కారు గుద్దినా వర్తిస్తుంది. చుట్టపుచూపుగా వచ్చిన తల్లిదండ్రులను ఆ లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నది పాలసీలో రాసిన మాటలను బట్టి ఉంటుంది, కంపెనీకి ఫోన్ చేసి అడగండి. మీ కార్లో కూర్చుని ఉంటే మాత్రం ఆ సందేహం లేదు.

కాబట్టి చూసుకోవాల్సింది మీకు హెల్త్ ఇన్సూరెన్స్ ఉందా అని కాదు. మీ కార్లో ఎక్కేవాళ్లలో అది లేనివాళ్లు ఎవరని చూడండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు మీ ఆఫీసు ప్లాన్‌లోకి రారు. ఇక్కడ 65 దాటినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ మెడికేర్, అదీ వాళ్లకు రాదు. గ్రీన్ కార్డ్ మీద వచ్చినా, ఇక్కడ పని చేసిన చరిత్ర లేకపోతే, డబ్బు కట్టి మెడికేర్ కొనుక్కోవడానికే ఐదేళ్లు ఇక్కడ ఉండాలి. ఇక మిగిలేది విజిటర్ ఇన్సూరెన్స్.

కరోనాకు ముందు మా అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చినప్పుడు ఇదంతా దగ్గరగా చూశాం. మౌరీ అవెన్యూ మీద రెడ్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. వెనకనుంచి ఒకాయన వచ్చి గుద్దాడు. పెద్ద దెబ్బేం కాదు, బంపర్ లోపలికి పోయింది. వెనక సీట్లో ఉన్న అత్తయ్యగారు "నాకేం కాలేదు బాబూ, ఇంటికెళ్లి వేణ్ణీళ్లు పోసుకుంటే తగ్గిపోతుంది" అంటూనే ఎదురు రొమ్ము దగ్గర చెయ్యి తీయడం లేదు. సీట్ బెల్ట్ పడిన చోట భుజం నుంచి కిందికి ఎర్రగా చార కట్టింది. వయసు, బీపీ మాత్రలు, ఛాతీ నొప్పి అని చెప్పగానే అంబులెన్స్ వాళ్లు ఇంక వదల్లేదు. ఈసీజీ, రక్త పరీక్షలు, సీటీ స్కాన్ చేశారు. దేవుడి దయవల్ల ఎముకలేవీ విరగలేదు. రాత్రికి ఇంటికి పంపించేశారు.

బిల్లులు ఆ తర్వాత మొదలయ్యాయి. ఇక్కడ ఒక ఆసుపత్రికి వెళ్తే ఒక బిల్లు రాదు. అంబులెన్స్ వాళ్లది ఒకటి, ఆసుపత్రిది ఒకటి, ఎమర్జెన్సీలో చూసిన డాక్టర్ గ్రూపుది ఒకటి, స్కాన్ చదివిన రేడియాలజిస్ట్‌ది ఇంకొకటి. ఒక్కోటి ఒక్కో ఊరి అడ్రసు నుంచి, ఒక్కో వారం వచ్చేది. మేం తీసుకున్న విజిటర్ పాలసీ ఫిక్స్‌డ్ బెనిఫిట్ రకం. ఎమర్జెన్సీకి ఇంత, స్కాన్‌కు ఇంత అని ముందే రాసి ఉన్న మొత్తం ఇచ్చి ఊరుకుంటుంది, మిగతాదంతా మన నెత్తిన.

మరి గుద్దినవాడి ఇన్సూరెన్స్ ఏం చేసిందంటారా? తప్పు ఆయనదే అని వాళ్లు ఒప్పుకున్నారు. కానీ ఎదుటివాళ్ల ఇన్సూరెన్స్ మీ బిల్లులు వచ్చినవి వచ్చినట్టు కట్టదు. ట్రీట్‌మెంట్ అంతా అయ్యాక, కాగితాలన్నీ చూసి, ఇక ఏమీ అడగమని మనచేత సంతకం పెట్టించుకుని, ఒకేసారి ఒక మొత్తం ఇస్తుంది. దానికి నెలలు పడుతుంది. ఈలోగా ఆసుపత్రి బిల్లింగ్ నుంచి ఫోన్లు ఆగవు. పైగా కాలిఫోర్నియాలో తప్పనిసరి లయబిలిటీ, అంటే ఎదుటివాళ్ల గాయాలకు కట్టే కవర్, చాలాకాలం మనిషికి 15,000 డాలర్లే ఉండేది, 2025 జనవరి 1 నుంచే 30,000 చేశారు. ఈ నెలల్లో మమ్మల్ని ఆదుకున్నది మెడ్‌పేనే. క్లెయిమ్ నంబర్ ఇచ్చారు, మెడికల్ రికార్డులు చూడటానికి అనుమతి ఫారం పంపారు, ఒక్కో ఖర్చూ విడివిడిగా రాసిన ఐటమైజ్డ్ బిల్లులు పంపితే నేరుగా అంబులెన్స్‌కీ డాక్టర్లకీ కట్టేశారు. లిమిట్ దాటిన ఆసుపత్రి బిల్లు కొంత మిగిలింది. అడిగితే సొంతంగా కట్టుకునేవాళ్లకు ఇచ్చే సెల్ఫ్ పే డిస్కౌంట్ ఇచ్చి, సెటిల్‌మెంట్ దాకా ఆగారు. కొత్తగా వచ్చిన ముసలావిడ ముందు డబ్బు గొడవ లేకుండా గడిచిందంటే దానివల్లే. తనవల్లే మాకు ఇంత ఖర్చని ఆవిడ అప్పటికే కుమిలిపోతోంది.

మీ సంగతికొస్తే, మీ హెల్త్ ఇన్సూరెన్స్ ఏ రకం? హై డిడక్టిబుల్ ప్లాన్ అయితే, ఆ డిడక్టిబుల్‌నూ, డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా కట్టే కో పేలనూ మెడ్‌పే నింపుతుంది. అంబులెన్స్ విషయం ఇంకోటి. ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో లేనివాళ్లు అనుకోని పెద్ద బిల్లు వేయకుండా ఆపేందుకు 2022లో అమల్లోకి వచ్చిన నో సర్ప్రైజెస్ చట్టం హెలికాప్టర్ అంబులెన్స్‌కు వర్తిస్తుంది కానీ రోడ్డు మీద వచ్చే అంబులెన్స్‌కు వర్తించదు. కాలిఫోర్నియా 2024 నుంచి దీనికి సొంత చట్టం తెచ్చుకుంది. అయితే పెద్ద కంపెనీలు సొంత డబ్బుతో నడిపే సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లు రాష్ట్రం చేతిలో ఉండవు, అప్పుడు మిగిలే అంబులెన్స్ బిల్లుకూ మెడ్‌పే పనికొస్తుంది. మనవాళ్లలో చాలామంది ఉండేది అలాంటి ప్లాన్లలోనే, ఒకసారి హెచ్‌ఆర్‌ని అడగండి.

మెడ్‌పే విషయంలో రెండు అనుమానాలు అందరికీ వస్తాయి. క్లెయిమ్ చేస్తే ప్రీమియం పెరుగుతుందా అన్నది మొదటిది. కాలిఫోర్నియాలో యాక్సిడెంట్‌కు ప్రధాన కారణం మీరు కాకపోతే, అంటే తప్పు 51 శాతమో అంతకన్నా ఎక్కువో మీది కాకపోతే, దాన్ని చూపించి రేటు పెంచకూడదు. రెండోది, ఈ డబ్బు తిరిగి కట్టాలా అని. ఎదుటివాళ్ల నుంచి సెటిల్‌మెంట్ వస్తే అందులోంచి తాను కట్టింది ఇమ్మని మెడ్‌పే కంపెనీ అడగొచ్చు, మమ్మల్నీ అడిగింది. అది న్యాయమే, ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు రాదు. లాయర్ ఉంటే ఆ మొత్తాన్ని తగ్గించమని మాట్లాడతారు. తప్పు పూర్తిగా మీదే అయిన రోజున మాత్రం మీ ఒంటికి తగిలిన దెబ్బకు ఎదుటివాళ్ల దగ్గర నుంచి పైసా రాదు, అప్పుడు మెడ్‌పే పూర్తిగా మీకే మిగులుతుంది.

ఇండియాలో కారు పాలసీతో తీసుకునే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ లాంటిదే కదా ఇది అని కొందరంటారు. కాదు. అది ఓనర్ డ్రైవర్ చనిపోతేనో, శాశ్వత వైకల్యం వస్తేనో ఇచ్చేది. ఆసుపత్రి బిల్లుతో దానికి సంబంధం లేదు.

ఎవరు వదిలేయొచ్చు? ఒంటరిగా ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్లు, డిడక్టిబుల్ లేని మంచి హెల్త్ ప్లాన్ ఉన్నవాళ్లు, కార్లో ఎప్పుడో గానీ ఎవర్నీ ఎక్కించుకోనివాళ్లు వదిలేసినా పెద్ద నష్టం లేదు. డబ్బు దగ్గర ఇబ్బందిగా ఉంటే ముందు అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ పెంచుకోండి. ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దితే పెద్ద దెబ్బలకు నిలబడేది అదే. రెండింట్లో ఒకటే పెట్టుకోగలిగితే నేను దానికే ఓటేస్తాను. కానీ మెడ్‌పేకి నెలకు పట్టేది కొద్ది డాలర్లే కాబట్టి చాలామందికి ఆ పరిస్థితి రాదు. 10,000కు ఎంతవుతుందో కూడా అడగండి. రెట్టింపు లిమిట్‌కు ప్రీమియం రెట్టింపు కానక్కర్లేదు.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకు లెక్క మారుతుంది. టెక్సస్‌లో దీనికన్నా ముందు చూడాల్సింది పిప్, అంటే పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్, మెడ్‌పేలాగే తప్పు ఎవరిదని చూడకుండా కట్టే కవర్. కనీసం 2,500 డాలర్ల పిప్‌ను కంపెనీ ఇవ్వజూపాలి, మీరు వద్దని రాతపూర్వకంగా ఇస్తేనే తీసేస్తారు. అది పోయిన జీతంలో కూడా కొంత ఇస్తుంది. న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో పిప్ తప్పనిసరి. ఈ జవాబంతా కాలిఫోర్నియా కోసమే.

అమ్మానాన్న వచ్చాక ఒక జాగ్రత్త. ఆసుపత్రిలో పేరు రాసుకునేటప్పుడు ఇంటిపేరు ముందా వెనకా అని తికమక పడతారు. మా అత్తయ్యగారి పేరు ఆసుపత్రి బిల్లులో ఒకలా, అంబులెన్స్ బిల్లులో ఇంకోలా పడి, ఇద్దరూ ఒకరేనని నిరూపించడానికి పాస్‌పోర్ట్ కాపీ పంపాల్సి వచ్చింది. పాస్‌పోర్ట్ ఫొటో ఫోన్‌లో పెట్టుకుని అక్కడే చూపించండి. ఇంకోటి, రికార్డుల అనుమతి ఫారం మీద సంతకం దెబ్బ తగిలిన మనిషే పెట్టాలి. బిల్లులు వాళ్లు వెళ్లిపోయాక కూడా వస్తూనే ఉంటాయి, కాబట్టి క్లెయిమ్ ఏదైనా తెరవాల్సి వస్తే వాళ్లు ఇక్కడ ఉండగానే ఆ సంతకాలన్నీ పెట్టించి పంపేయండి.