పార్టీ లేకుండా నిలబడొచ్చా?

ప్రశ్న: మా మేనమామ ఇండిపెండెంట్‌గా ఎమ్మెల్యేకి పోటీ చేస్తానంటున్నాడు. ఉన్నది రెండెకరాల చేను, మంచి పేరు. ఇంట్లో అందరికీ టెన్షన్. డబ్బు లేకుండా కుదురుతుందా?

జవాబు: నిలబడనివ్వమ్మా. ఇల్లెందులో గుమ్మడి నర్సయ్య గారు సైకిల్ మీద తిరిగే మనిషి, ఐదుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. ఆయన వెనక పార్టీ ఉంది, నిజమే.

డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకైతే 5,000. అసలు జాగ్రత్త ప్రతిపాదకుల దగ్గర, అంటే నామినేషన్ పత్రం మీద అభ్యర్థి పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టేవాళ్ల దగ్గర. ఇండిపెండెంట్‌కి పదిమంది కావాలి, అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి. నేను నామినేషన్ల టేబుల్ దగ్గర పనిచేసిన రోజుల్లో ఒకాయన పదో సంతకం పక్క నియోజకవర్గంలో ఉండే బావమరిదితో పెట్టించాడు. పరిశీలనలో నామినేషన్ పోయింది. ఆయన ముఖం నాకింకా గుర్తుంది. అందుకే ఓటరు జాబితా దగ్గర పెట్టుకుని ఒక్కొక్క పేరూ సరిచూడండి. అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలొద్దు, లేనిచోట ‘లేదు’ అని రాయాలి. ఎన్నికల ఖర్చుకి వేరే బ్యాంకు ఖాతా నామినేషన్ వేసే ముందురోజుకల్లా తెరిపించు.