ముందు కరెంటు లెక్క చూడు తల్లీ

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్ను హైడ్రోజన్‌తో ఇనుము తీసే ప్రాజెక్టులోకి తీసుకున్నారని తెలిసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ముప్ఫై నాలుగేళ్లు బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర, అంటే బొగ్గుతో ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే కొలిమి దగ్గర పనిచేసినవాణ్ణి. టన్ను ఉక్కు తయారైతే దాదాపు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోయేది. అది నా చేతుల మీదుగా పోయిన పొగ. మీ తరం దాన్ని ఆపుతుందంటే నాకు అంతకన్నా ఏం కావాలి?

టెన్షన్‌గా ఉంది, ఎక్కడ మొదలుపెట్టను అని అడిగావు. ఫర్నేస్ దగ్గర వద్దు. కరెంటు మీటర్ దగ్గర మొదలుపెట్టు.

కాగితం తీసుకుని ఈ లెక్క నువ్వే వేసి చూడు. టన్ను ఇనుముకు ఖనిజంలోని ఆక్సిజన్ మొత్తం లాగాలంటే 54 కిలోల హైడ్రోజన్ కావాలి. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి ఎలక్ట్రోలైజర్ 50 యూనిట్లకు పైనే తాగుతుంది. అంటే ఒక్క హైడ్రోజన్‌కే టన్నుకు 2,700 యూనిట్లు. ఆ కరెంటు బొగ్గు ప్లాంటు నుంచి వస్తే యూనిట్‌కు సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్. మొత్తం రెండున్నర టన్నులు దాటిపోతుంది. నేను కోక్ (బట్టీలో కాల్చిన బొగ్గు) కాల్చి వదిలిన దానికంటే ఎక్కువ! అందుకే 'గ్రీన్' అన్న మాట బోర్డు మీద కనిపించగానే సంబరపడకు. ఏ గంటలో ఏ కరెంటు వచ్చిందో రాసి ఉన్న రికార్డు అడుగు. ఇవ్వడానికి నసిగితే మళ్లీ అడుగు.

ట్రినిడాడ్‌లో హైడ్రోజన్‌తోనే ఇనుము తీసే ప్లాంట్ 1999లోనే మొదలైంది. అందులో వాడిన హైడ్రోజన్ సహజవాయువు నుంచి తీసింది. అంటే హైడ్రోజన్‌తో ఇనుము వస్తుందా అన్నది ఎప్పుడో తేలిపోయింది. ఆ హైడ్రోజన్ ఎక్కడి నుంచి తెస్తామన్నదే ఇప్పటి పని. స్వీడన్ వాళ్లు లూలియోలో పెట్టిన హైబ్రిట్ పైలట్ ప్లాంట్ 2020లో నడవడం మొదలైంది. మరుసటి ఏడే ఆ ఇనుముతో చేసిన ఉక్కును వోల్వోకు అందించారు. వాళ్లను చూసి నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. రాతిలో గుహ తొలిచి, దాంట్లో హైడ్రోజన్ దాచి చూశారు. గాలి ఆగుతుంది, పొద్దు గుంకుతుంది, వాటి నుంచి వచ్చే కరెంటు తగ్గుతుంది, ఫర్నేస్ మాత్రం ఆగకూడదు కదా. ఏడాదికి పది లక్షల టన్నుల ఇనుము తీయాలంటే రాత్రింబవళ్లు 300 మెగావాట్లు హైడ్రోజన్‌కే పోవాలి. నిల్వ సంగతి మొదటి మీటింగ్‌లోనే ఎత్తు.

ఇక వేడి. మా ఫర్నేస్‌లో కోక్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేటప్పుడు కాస్త వేడిని వదులుతుంది. హైడ్రోజన్ అదే పని చేస్తూ వేడిని మింగుతుంది. మీ షాఫ్ట్‌లో, అంటే పైనుంచి ఖనిజం దిగుతూ కిందినుంచి వేడి గ్యాస్ ఎక్కే నిలువు కొలిమిలో, గ్యాస్ పైకి పోయేకొద్దీ చల్లబడి, పెల్లెట్లు (ఖనిజం పొడితో చేసిన ఉండలు) సగం పనితో కిందికి దిగుతాయి. పోనీ గ్యాస్‌ను ఇంకా వేడి చేద్దామంటే పెల్లెట్లు ఒకదానికొకటి అంటుకుని గడ్డకడతాయి. గ్యాస్‌ను ఎక్కువగా తిప్పడం ఒక దారి. బయటికొచ్చిన గ్యాస్‌ను చల్లార్చి, నీరు వేరుచేసి, మిగిలిన హైడ్రోజన్‌ను మళ్లీ వేడిచేసి లోపలికి పంపాలి. ఆ నీటిని శుద్ధి చేసి ఎలక్ట్రోలైజర్‌కు ఇవ్వండి, పారబోయొద్దు.

ఖనిజం విషయంలో రాజీ పడొద్దు. మా బ్లాస్ట్ ఫర్నేస్‌లో మట్టీ మశానం అంతా కరిగి, స్లాగ్ అనే చిట్టెంగా వేరయ్యేది. మీ షాఫ్ట్‌లో ఏదీ కరగదు. ఖనిజంతో వచ్చిన రాయి అలాగే ఆర్క్ ఫర్నేస్‌లోకి, అంటే ఇనుమును కరెంటుతో కరిగించి ఉక్కు చేసే కొలిమిలోకి పోయి కరెంటు తింటుంది. 67 శాతం ఇనుమున్న ఖనిజం అడిగేది అందుకే. ఇంకో మాట. హైడ్రోజన్‌తో తీసిన స్పాంజ్ ఐరన్‌లో (కరగకుండానే ఆక్సిజన్ పోయి, స్పాంజ్‌లా రంధ్రాలు మిగిలిన ఇనుము) కార్బన్ ఉండదు. ఆర్క్ ఫర్నేస్‌లో స్లాగ్ నురగ కట్టాలంటే కొంచెమైనా కార్బన్ కావాలి. అది ఎక్కడి నుంచి తెస్తారో ఫర్నేస్ నడిపేవాళ్లతో కూర్చుని ముందే తేల్చుకోండి. వాళ్లను అడక్కుండా ఆఫీసులో నిర్ణయిస్తే తర్వాత అవస్థ పడతారు.

భద్రత గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. హైడ్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వతో అంటుకుంటుంది. పగటి వెలుతురులో మంట దాదాపు కనిపించదు. రాకెట్ పరీక్షలు చేసేచోట ఒకప్పుడు చీపురును ముందుకు చాచి నడిచేవారట, చీపురు అంటుకుంటే మంట అక్కడుందని తెలిసేది. లీకైన గ్యాస్ పైకప్పు కిందికి చేరుతుంది, డిటెక్టర్లు అక్కడ ఉన్నాయో లేదో స్వయంగా నిచ్చెనెక్కి చూడు.

ఒక వర్షాకాలం రాత్రి గాలికి స్పాంజ్ ఐరన్ గుట్ట మీది టార్పాలిన్ లేచిపోయింది. తెల్లారి డ్యూటీకి వెళ్లేసరికి గుట్టలోంచి ఆవిరి లేస్తోంది. కొత్తగా చేరిన కుర్రాడు నీళ్ల పైపు పట్టుకొచ్చాడు. పరిగెత్తి అతని చెయ్యి పట్టుకున్నాను. వేడెక్కిన స్పాంజ్ ఐరన్ మీద నీళ్లు పడితే అది ఆక్సిజన్‌ను లాక్కుని హైడ్రోజన్‌ను వదులుతుంది. మీరు షాఫ్ట్‌లో చేసే పనే తిరగబడి జరుగుతుందన్నమాట. లోడర్‌తో గుట్టను పలచగా పరిచి చల్లార్చాం. మధ్యాహ్నం దాకా పట్టింది. ఆ రోజు నీళ్లు పోసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. కొత్తగా చేరినవాళ్లందరికీ మొదటి రోజే ఇది చెప్పించు.

మొదటి బ్యాచ్ వచ్చినప్పుడు ల్యాబ్ రిపోర్టు కోసం ఎదురుచూస్తూ కూర్చోకు. నాలుగు పెల్లెట్లు తీసుకుని అడ్డంగా కోయించు. అంచు నుంచి నడిమి దాకా ఒకే బూడిదరంగు మెరుపుంటే పని పూర్తయినట్టు. మధ్యలో మినపగింజంత నల్ల చుక్క ఉంటే లోపల ఆక్సిజన్ ఇంకా పూర్తిగా పోలేదన్నమాట. ఎలా ఉన్నా సరే, ఫోటో తీసి నాకు పంపు.

నీ పెదనాన్న