కాలవలో ఎర్రచార తాబేలు, డాబా మీద గద్ద: ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర పల్లె సార్. మొన్న వానకి వీధి కాలవలో తాబేలు కొట్టుకొచ్చింది, కళ్ళ వెనకాల ఎర్ర చార ఉంది, పిల్లలు టబ్బులో వేశారు. మా అత్తమ్మ కనిగిరి రిజర్వాయర్లో వదిలేసి రండి పుణ్యం అంటోంది. సంక్రాంతికి మాంజా చుట్టుకుని ఒక గద్ద డాబా మీద పడింది, నీళ్ళు తాగించాం, అయినా చచ్చిపోయింది. ఇట్టాంటప్పుడు ఎవర్ని పిలవాలి?

జవాబు: అమ్మా, రిజర్వాయర్లో మాత్రం వదలొద్దు. ఆ ఎర్ర చారని బట్టి అది రెడ్ ఇయర్డ్ స్లైడర్, అమెరికాలో మిసిసిపీ నది వైపుది, అక్వేరియం షాపుల్లో రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు ముద్దొస్తుందని కొంటారు, అది పెరిగి అడుగుకి దగ్గరపడి నీళ్ళు కంపు కొట్టేసరికి తీసుకెళ్ళి కాలవలో పారేస్తారు. ప్రపంచంలో బాగా నష్టం చేసే 100 చొరబాటు జీవుల లిస్టులో ఇదీ ఉంది, మన చెరువు తాబేళ్ళ తిండీ ఎండ కాగే చోటూ లాగేసుకుంటుంది. అత్తమ్మకి ఈ మాట నెమ్మదిగా చెప్పండి, ఆమె మనసు మంచిదే. టబ్బులోనే ఉంచి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చేయండి, పిల్లలు ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగించండి, సాల్మొనెల్లా అని విరేచనాలు తెచ్చే క్రిమి అంటుకుంటది.

ఎర్ర చార కాకుండా వీపు మీద పసుపు నక్షత్రాలుంటే అది మన నక్షత్ర తాబేలు, నేల మీద బతికేది, నీళ్ళలో వేస్తే మునిగి చస్తుంది. 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జీవి, అంటే చట్టం గట్టిగా కాపాడే జాబితాలోది, అదృష్టమని ఇంట్లో దాచుకోవడం నేరం. అలా దాచేవాళ్ళ గురించి వింటే నిజంగా బాధేస్తది.

ఇక గద్ద. దెబ్బ తిన్న పక్షి నోట్లో నీళ్ళు పోయొద్దు, నాలిక మొదట్లోనే ఊపిరి గొట్టం తెరుచుకుని ఉంటది, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలూ అన్నం కూడా వద్దు. మందపాటి తువ్వాలు మీదేసి, రెక్కలు ఒంటికి ఆనేలా పట్టుకుని (ముక్కు కంటే గోళ్ళే ప్రమాదం) చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో పెట్టి మూసేయండి, చీకటిగా ఉంటే బెదరదు. దారం కండలోకి దిగుంటే లాగొద్దు, బయటున్నది కత్తిరించి మిగతాది డాక్టరుకి వదిలేయండి. పశువుల అంబులెన్స్ 1962కి చేసినా ఫారెస్టోళ్ళకి కూడా చెప్పాలి, అడవి జీవిని వాళ్ళకే అప్పగించాలి. రేంజ్ ఆఫీసులో ఎవరూ ఎత్తకపోతే 112. మీ బీట్ ఆఫీసర్ (మీ ఊరి వైపు చూసుకునే ఫారెస్ట్ ఉద్యోగి) నంబరు ఇప్పుడే కనుక్కుని సేవ్ చేసుకోండి, ఫోన్ చేసినప్పుడు ఫోటో, లొకేషన్ వాట్సాప్‌లో పంపితే వచ్చేవాళ్ళు ఊరంతా వెతుక్కోకుండా నేరుగా వస్తారు.