ఈ మధ్య వచ్చిన జాజ్ ఆల్బమ్‌లలో వినదగ్గవి ఏవి?

జాజ్ కొత్తగా వింటున్నాను, ఈ రెండు మూడేళ్ళలో వచ్చినవాటిలో దేంతో మొదలుపెట్టాలి అని అడిగారు. ఎనభై దాటినవాళ్ళ కొత్త ఆల్బమ్ ఏది దొరికితే దాంతో మొదలుపెట్టండి. కుర్రాళ్ళ సంగతి తరవాత చూసుకోవచ్చు.

నవ్వకండి. పోయినేడాది మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చి బెంగళూరులో, మారతహళ్ళిలోని మా ఇంట్లో నెల్లాళ్ళు ఉంది. ఒక ఆదివారం పొద్దున అమెరికన్ శాక్సఫోన్ విద్వాంసుడు చార్ల్స్ లాయిడ్ 'ద స్కై విల్ స్టిల్ బి దేర్ టుమారో' పెట్టాను. 2024 మార్చి 15న, సరిగ్గా ఆయన 86వ పుట్టినరోజున వచ్చిన ఆల్బమ్. రెండు డిస్కులు, దాదాపు గంటన్నర. అమ్మ హాల్లో కింద కూర్చుని గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది. కాసేపు ఏమీ అనలేదు. తరవాత తలెత్తకుండానే అడిగింది: "ఇంకా ఎంతసేపురా శ్రుతి చేసుకోవడం? మొదలుపెట్టమను."

నాకు రోషం వచ్చింది. ఆ పియానో జేసన్ మోరన్ అనీ, బేస్ లారీ గ్రెనడియర్ అనీ, డ్రమ్స్ మీద బ్రయన్ బ్లేడ్ లాంటివాడు ఉండి కూడా దబదబా బాదకుండా తాళపుచిప్పల మీద గీరుతూ కూర్చోవడమే ఇందులో గొప్ప అనీ చెప్పుకుపోతున్నాను. అమ్మ "సర్లే, విననీ" అంది. శాక్సఫోన్ ఒక స్వరం మీద నిలబడింది. స్వరం సన్నబడి, చివరికి వట్టి గాలే మిగిలి, మళ్ళీ కిందనుంచి అందుకుంది. అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

"పెద్దాయనా?"

"ఎనభై దాటాయమ్మా."

"తెలుస్తూనే ఉంది. ఊపిరి చూసుకుని ఖర్చుపెడుతున్నాడు."

పదేళ్ళుగా జాజ్ మీద వ్యాసాలు చదువుతున్నాను, ఇంత మంచి మాట ఎక్కడా చూడలేదు. ఆ వెంటనే అమ్మ కరవది షేక్ చినమౌలానా సాహెబు సన్నాయి కథ ఎత్తుకుంది. చిన్నప్పుడు ఏదో పెళ్ళిలో విందట. ఎవరి పెళ్ళి అన్నది మాత్రం చెప్పిన ప్రతిసారీ మారుతుంది. కథ ఎలా ఉన్నా, సన్నాయి విన్న చెవికి శాక్సఫోన్ పరాయిది కాదు. మనవాళ్ళు జాజ్ అర్థం కాదని భయపడటం నాకు అందుకే వింతగా ఉంటుంది. డోలు, సన్నాయి ఒకరినొకరు రెచ్చగొట్టుకుంటుంటే భోజనాల దగ్గర లేవకుండా కూర్చున్నవాళ్ళమే కదా!

అసలు మన జనం జాజ్‌ని దూరం పెట్టడానికి కారణం కాఫీ షాపులు. ఇందిరానగర్‌లో ఎక్కడ కూర్చున్నా అదే సన్నటి పియానో, మాటలకి అడ్డురాకుండా. మూడువందలు పెట్టి చల్లారిన కాఫీ తాగుతూ అది వింటే ఎవరికైనా జాజ్ అంటే నిద్రమాత్ర అనిపిస్తుంది. ఫోన్‌లో డబ్బు కట్టకుండా వినేవాళ్ళ కష్టం ఇంకొకటి. మూడో పాట ముందొస్తుంది, మొదటిది తరవాతొస్తుంది, మధ్యలో బనియన్ల ప్రకటన. ఆల్బమ్‌ని వరసలో వినండి. లేకపోతే వినకపోయినా పర్లేదు.

రెండోది, మన శాస్త్రీయ సంగీతాన్ని జాజ్‌తో కలిపే శక్తి బృందం 'దిస్ మొమెంట్', 2023. అప్పటికి ఆ బృందం గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌కి 81 ఏళ్ళు, కాబట్టి నా నియమం ఇక్కడా నిలిచింది. మొదటి పాట మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ తలపుతో చేసింది. తబలా జకీర్ హుస్సేన్‌ది. 2024 డిసెంబరులో ఆయన పోయాక నేను ఈ ఆల్బమ్ ఒక నెల పాటు పెట్టలేకపోయాను. ఇది జాజ్ కాదని గొడవపడేవాళ్ళున్నారు. గ్రామీ కూడా గ్లోబల్ మ్యూజిక్ విభాగంలోనే ఇచ్చారు. ఇవ్వనీండి. వయొలిన్ గణేశ్ రాజగోపాలన్, కంజీర సెల్వగణేశ్ ఒకరి మాట ఒకరు లాక్కుంటుంటే విని, జాజ్ కాకపోతే ఇది మరేమిటో మీరే చెప్పండి.

కుర్రాళ్ళని పూర్తిగా వదిలేశానన్న నింద వద్దు. పియానిస్టు విజయ్ అయ్యర్ త్రయం 'కంపాషన్' (2024) మంచిది. ఆయనకీ యాభై దాటాయనుకోండి. శబాకా హచింగ్స్ అని లండన్ ఆయన శాక్సఫోన్‌తో అంత పేరు తెచ్చుకుని, దాన్ని పక్కన పెట్టేసి, వేణువులు పట్టుకుని 2024లో ఒక ఆల్బమ్ చేశాడు. నలభై ఏళ్ళకే ఊపిరి పొదుపు తెలిసినవాడు.

కచేరీ చూడాలంటే వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ ఉంది, జాజ్ కచేరీలు జరిగే వేదిక. మారతహళ్ళి నుంచి దగ్గరే అంటారు. శుక్రవారం సాయంత్రం రింగ్ రోడ్డు ఎక్కి చూడండి, దగ్గరో కాదో.

లాయిడ్ 2025 అక్టోబరులో ఇంకొకటి తెచ్చాడు, 'ఫిగర్ ఇన్ బ్లూ'. ఈసారి డ్రమ్స్ కూడా లేవు, పియానో, గిటారు, ఆయన, అంతే. అమ్మకి ఇంకా వినిపించలేదు. సంక్రాంతికి ఒంగోలు వెళ్ళినప్పుడు సీరియళ్ళు లేని టైము చూసి పెట్టాలి.