తీసేయమని చెప్పే ముందు

చిరంజీవి అమ్మలుకు మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, పరీక్షలు అవగానే నువ్వు లినక్స్ కంప్యూటర్లలో తెర మీది విండోలు, మెనూలు చూపే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వాడేవారి ఇబ్బందులకు జవాబులు చెప్పే పనిలో చేరుతున్నావని, రోజుకు రెండు గంటలు దానికే కేటాయించాలనుకుంటున్నావని చెప్పాడు. "జీతం లేని కొలువు, అంతా మేనత్త పోలికే" అని నవ్వాడు కూడా. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తూ, ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.4 వెర్షన్ వచ్చిన 2007లో మొదలుపెట్టి పదమూడేళ్లు నేను చేసిన పని ఇది; నా మేనకోడలు దాన్ని తనంతట తానే ఎంచుకున్నదంటే గర్వంగానే ఉంది. కాని నీ తొందర నాకు తెలుసు. గోడ గడియారం ఆగిపోతే బ్యాటరీ అయిపోయిందేమోనని చూడకుండానే స్క్రూలు విప్పిన పిల్లవు నువ్వు. ఇంట్లో ఆ తొందరకు గడియారం ఒక్కటే బలి అయింది. ఇకమీదట నీ మాట నమ్మి, ముక్కూ మొహం తెలియనివాళ్లు తమ కంప్యూటర్ల మీద చెయ్యి వేస్తారు.

ముందుగా ఏమేం అడగాలో నీకు చెప్పనక్కరలేదు: ఏ డిస్ట్రో (డెబియన్ వంటి లినక్స్ రకాల్లో ఏది), ఎక్స్‌ఎఫ్‌సీఈ ఏ వెర్షన్, ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఏం మార్చారు. వెర్షన్ అడగడం లాంఛనం అనుకోకు. డెబియన్ 12 వాడేవారి దగ్గర 4.18 ఉంటుంది, డెబియన్ 13 వారికి 4.20 ఉంటుంది, కొత్తదానిలో ఎప్పుడో సరిచేసిన బగ్ పాతదానిలో ఇంకా పట్టి పీడిస్తూనే ఉండవచ్చు, అటువంటివారికి "అప్‌డేట్ చేసుకోండి" అని చెప్పి ఊరుకుంటే వారి డిస్ట్రో ఇవ్వని వెర్షన్‌ను వారు ఎక్కడినుంచి తెచ్చుకుంటారు? నా కాలంలో లేని ప్రశ్న ఒకటి ఇప్పుడు చేర్చుకోవాలి: తెర మీద విండోలను చూపే పాత వ్యవస్థ ఎక్స్11 మీద నడుపుతున్నారా, కొత్తదైన వేలాండ్ మీదనా? 2024 డిసెంబరులో వచ్చిన 4.20లో వేలాండ్ సదుపాయాన్ని ప్రయోగాత్మకంగా పెట్టారు. అక్కడ విండోల పని చూసేది మనకు అలవాటైన ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4 కాదు, లాబ్‌డబ్ల్యూసీ వంటి వేరొకటి. అది తెలుసుకోకుండా సలహా చెబితే, వారు అరగంట వెతికి "మీరు చెప్పినది ఇక్కడ లేదండీ" అని తిరిగి వస్తారు.

ఆ తరువాత చేయవలసినది, లోపం ఏ వైపు ఉన్నదో తేల్చుకోవడం. ఇందుకు నేను నమ్ముకున్న ఉపాయం ఒక్కటే, కొత్త యూజర్ ఖాతా తెరిపించడం. కొత్త ఖాతాలో అంతా సవ్యంగా ఉంటే లోపం పాత ఖాతా అమరికల్లో ఉందన్నమాట. అక్కడా అదే తంతు అయితే డ్రైవరో, ప్యాకేజీయో, డిస్కో చూడాలి. ఐదు నిమిషాల పని, దేనినీ చెరపదు. పాస్‌వర్డ్ ఇచ్చినా మళ్లీ లాగిన్ తెరకే వచ్చి పడుతున్నదని ఎవరైనా అంటే, సిస్టమ్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయమనే సలహాదారులు నీకంటే ముందే పది మంది ఉంటారు. నువ్వు మాత్రం డిస్క్ నిండిపోయిందేమో, తెరను వాడుకునే అనుమతి ఉండే, పేరు చుక్కతో మొదలయ్యే ఎక్స్ఆథారిటీ ఫైల్ సిస్టమ్ పెత్తనమంతా ఉన్న రూట్ ఖాతా పేరిట మారిపోయిందేమో చూడమను. రూట్ అధికారం ఇచ్చే సుడో కమాండ్ పెట్టి విండోల ప్రోగ్రాములు తెరిచే అలవాటు ఉన్నవారికి ఈ రెండవది తరచు జరుగుతుంది. ప్రతిసారీ ప్యానెల్, అదే మెనూ, గడియారం ఉండే పట్టీ, లేకుండానే డెస్క్‌టాప్ వస్తున్నదంటే, ప్యానెల్ కూలిపోయిన రోజున "సెషన్ భద్రపరచు" అన్న గడిలో టిక్ ఉంచి లాగౌట్ అయ్యారేమో అడుగు. ఎక్స్‌ఎఫ్‌సీఈ పాపం చెప్పినట్టే చేస్తుంది, ప్యానెల్ లేని ఇంటినే జ్ఞాపకం పెట్టుకొని రోజూ అదే చూపిస్తుంది.

ప్యానెల్ మాట వచ్చింది గనక, ఇంతవరకు మీ నాన్నకు కూడా పూర్తిగా చెప్పని సంగతి ఒకటి నీకు చెప్పాలి.

2014 వేసవి. గుంటూరు జిల్లాలో ఒక విశ్రాంత తెలుగు పండితులు, అప్పటికి డెబ్బై దాటినవారు, మనవడు వేసిపెట్టిన, ఎక్స్‌ఎఫ్‌సీఈతో వచ్చే జుబుంటు వాడేవారు. ప్యానెల్ మాయమైంది, మనవడు ఊళ్లో లేడు, ఎవరో నా నంబరు ఇచ్చారు. ఆ రోజు నేను అప్పటికే ఏడెనిమిది మందికి ఇదే ఫిర్యాదుకు జవాబు చెప్పి విసిగి ఉన్నాను. పొయ్యి మీద పాలు కూడా ఉన్నాయి. ప్యానెల్ అమరికలు ఇంటి ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ ఫోల్డర్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ4, అందులో ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్, దాని లోపల ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో ఉంటాయి. ఇంత దారి ఫోన్‌లో ఒక పెద్దాయనకు అక్షరం అక్షరం చెప్పే ఓపిక లేక, మొదటి మెట్టు దగ్గరే ఆగి, కాన్ఫిగ్ ఫోల్డర్ మొత్తాన్ని తీసేసే కమాండ్ చెప్పి టెర్మినల్‌లో టైపు చేయించాను. లాగౌట్ అయి మళ్లీ వచ్చారు. ప్యానెల్ వచ్చింది. ఆయన నన్ను మనసారా దీవించారు. పాలు పొంగలేదు కూడా.

మూడవ నాడు మళ్లీ ఫోన్ వచ్చింది. రాతపనికి వాడే లిబ్రెఆఫీస్‌లో తాను రాసిన ప్రతి రెండవ మాట కింద ఎర్రగీత వస్తున్నదని, తాను నేర్పిన మాటలన్నీ అది మరిచిపోయినట్టుందని అన్నారు. నాకు అప్పుడు వెన్నులో చలి పుట్టింది. లిబ్రెఆఫీస్‌లో మనం చేర్చుకునే సొంత నిఘంటువు కూడా ఆ కాన్ఫిగ్ ఫోల్డర్‌లోనే, తనదైన ఒక అరలో ఉంటుంది. క్రోమియం బ్రౌజర్ బుక్‌మార్కులూ అక్కడే ఉంటాయి. ఆయన తమ ప్రాంతపు వ్యవసాయపు మాటలు, వంటింటి మాటలు, వాళ్లమ్మగారి నోట విన్న మాటలు రాస్తూ, స్పెల్‌చెక్ ఎర్రగీత గీసినప్పుడల్లా ఒక్కొక్క మాటనే నిఘంటువులో చేర్చుకుంటూ వచ్చారు. మూడేళ్ల పని. మూడు వేల పైచిలుకు మాటలు ఉండేవన్నారు.

తిరిగి తేవచ్చేమోనని చూశాను. ఆయన తన చేత్తో, ఫైళ్లు చూపే తూనార్ తెరిచి మామూలుగా డిలీట్ చేసి ఉంటే ఆ ఫోల్డర్ ట్రాష్‌లో భద్రంగా ఉండేది. ఏమీ తెలియని మనిషి తనకు తోచిన దారిన పోయి ఉంటే నష్టం ఉండేది కాదు. అన్నీ తెలిసిన నేను టెర్మినల్ కమాండ్ చెప్పాను. దానికి ట్రాష్ లేదు. పైగా రెండు రోజులు ఆయన ఆ కంప్యూటర్ మీదే రాసుకున్నారు గనక, ఖాళీ అయిన చోట కొత్త రాతలు పడిపోయాయి.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు చెప్పినట్టే చేశానమ్మా" అన్నారు, తన వల్ల ఏదైనా తప్పు జరిగిందేమోనన్న గొంతుతో. తిట్టి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయేదాన్ని. తప్పు నాదేనని ఆ రోజే చెప్పాను. అది చెప్పడానికి మాత్రం గంటసేపు ఫోన్ చుట్టూ తిరిగాను. తరువాత ఆయన వ్యాసాల ఫైళ్లన్నీ తెప్పించుకొని, వాటిలోని మాటలను విడదీసే చిన్న స్క్రిప్టు రాసి, స్పెల్‌చెక్ ఎరగని మాటల జాబితా తీసి, సెలవులన్నీ కూర్చొని ఆయనతో ఫోన్‌లో సరిచూశాను. రెండు వేల లోపు తిరిగి వచ్చాయి. దాచుకోకుండా టైపు చేసి ఇచ్చేసిన ఉత్తరాల్లోని మాటలు రాలేదు. అవి ఏమిటో ఆయనకూ గుర్తు రాలేదు.

అమ్మలూ, అందుచేత ఎవరికీ ఏ ఫోల్డరూ తీసేయమని చెప్పకు. పేరు మార్చమను. ఫలానా ఫోల్డర్ పేరు చివర "పాత" అని చేర్చి, లాగౌట్ అయి రమ్మను. ఫలితం అదే, కాని ఏదీ పోదు. అదైనా ఎంత లోపలికి వెళ్లగలిగితే అంత లోపలికి వెళ్లి, ఆ ఒక్క ఫైల్ మీదే చెయ్యి వేయించు. ఇంకొక చిక్కు ఉంది. ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్‌డీ అనే ప్రోగ్రాము అమరికలను తన జ్ఞాపకంలో పెట్టుకొని ఉంటుంది. అది నడుస్తుండగా ఫైల్‌ను మార్చితే, తన దగ్గర ఉన్నదాన్నే మళ్లీ రాసేసి మన శ్రమను తుడిచివేస్తుంది. కాబట్టి ముందు ప్యానెల్‌ను, తరువాత దానిని ఆపించి, అప్పుడు పేరు మార్చించు. చెప్పబోయే కమాండ్‌ను ముందు నీ దగ్గర ఒక ఉత్త ఖాతాలో నడిపి చూడు. ఇవన్నీ చేస్తే జవాబు పది నిమిషాలు ఆలస్యమవుతుంది. కానియ్యి.

కోపంగా వచ్చేవారి సంగతి. 2015 ఫిబ్రవరిలో 4.12 వచ్చాక, 2019 ఆగస్టు దాకా 4.14 రాలేదు. ఆ నాలుగున్నరేళ్లలో "మీ ప్రాజెక్టు చచ్చిపోయిందా?" అన్న ప్రశ్న నేను ఎన్నిసార్లు విన్నానో. లోపల జరుగుతున్నది బటన్లు, మెనూలు గీసే లైబ్రరీ జీటీకే2 నుంచి జీటీకే3కి డెస్క్‌టాప్ మొత్తాన్ని మార్చడం. చేసేవారు కొద్దిమంది, అదీ ఉద్యోగాలు చేసుకొని వచ్చి సాయంత్రాలు. 1996లో ఒలివియర్ ఫోర్డాన్ మొదలుపెట్టిన నాటినుంచి ఇది ఎక్కువగా ఇలా తీరిక వేళల్లోనే పెరిగింది. ఆ సంగతి వివరించవచ్చు గాని, ఆఫీసుకు వేళయినప్పుడు తెర నల్లగా అయి కూర్చున్న మనిషికి చరిత్ర చెప్పకు. ముందు తెర వెలిగించు. ఉచితంగా ఇస్తున్నాం కదా అన్న మాట ఎన్నడూ నోట రానీయకు. నేను రెండుసార్లు అన్నాను, రెండుసార్లూ సిగ్గుపడ్డాను.

మన తెలుగువాళ్లు నీ పేరు చూసి నిన్నే వెతుక్కుంటూ వస్తారు. అక్షరాల స్థానంలో డబ్బాలు కనిపిస్తే ఫాంట్ లేదని అర్థం, డెబియన్ అయితే లోహిత్ తెలుగు ఫాంట్ వేయిస్తే చాలు. అక్షరాలు వచ్చి ఒత్తులు మాత్రం విడిపోతే అది వేరే రోగం. టెర్మినల్‌లో ఒత్తులు చెదిరితే ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్ల మీద బగ్ రాయకు. టెర్మినల్ కింద ఉండి అక్షరాలు చూపే వీటీఈ లైబ్రరీది ఆ లోపం, ఇల్లు తెలుసుకొని తలుపు తట్టాలి.

ఇది చదివి నువ్వు నవ్వుతావు, అయినా రాస్తాను. ఆడపిల్ల పేరు కనబడగానే "విడిగా మాట్లాడదామా" అనేవారు కొందరు ఉంటారు. జవాబు అందరి ఎదుటే చెప్పు. నువ్వు తప్పు చెబితే దిద్దడానికి ఇంకొకరు ఉంటారు, అదే ఇబ్బంది ఉన్న నాలుగోవారికీ పనికివస్తుంది. పాస్‌వర్డ్ ఇస్తాను, మీరే లోపలికి వచ్చి చూడండి అనేవారు నిజంగానే అమాయకులు, కాని రేపు అక్కడ ఏది పోయినా ముందు గుర్తొచ్చేది నువ్వే. ఒప్పుకోకు. లాగ్ ఫైల్ పంపమన్నప్పుడు, అందులో వారి ఫైళ్ల పేర్లు, ఇంటివారి పేర్లు ఉండవచ్చునని, చూసుకొని పంపమని ఒక మాట ముందే చెప్పు.

రెండు గంటలు అన్నావు, రెండు గంటలే. రాత్రి పదకొండు తరువాత చెప్పిన నా జవాబుల్లో తెల్లవారి దిద్దుకోనివి తక్కువ. అన్నం తిని కూర్చో. ఏ జవాబూ తెలియని రోజున తెలియదని చెప్పి, తెలిసిన వారెవరో చెప్పు. మీ తాతయ్య పోస్టాఫీసులో అలాగే చేసేవారు, కౌంటర్ దగ్గర ఆయన "తెలియదు" అంటే కూడా జనం సంతోషంగా వెళ్లేవారు.

పండితులు గారు ఇప్పటికీ పండుగకు ఫోన్ చేస్తారు. మొన్న ఉగాదికి నిఘంటువు నాలుగు వేలు దాటిందని చెప్పారు. దాని నకలు ప్రతి నెలా నాకు పంపుతారు, నేను రెండు పెన్‌డ్రైవ్‌లలో పెడతాను.

అన్నట్టు, నీ ల్యాప్‌టాప్‌కు బ్యాకప్ ఉందా? లేదని మీ నాన్న చెప్పాడు. వచ్చే ఆదివారం హనుమకొండ రా. పాత హార్డ్‌డిస్క్ ఒకటి ఖాళీ చేసి పెట్టాను, నీకిష్టమని గోంగూర పచ్చడి కూడా చేసి ఉంచుతాను. ముందు నీ ఫైళ్లు దానిలోకి ఎక్కించాకే నువ్వు ఇంకొకరికి జవాబు చెప్పడం.

ఇట్లు,
మీ అత్తయ్య