హైదరాబాద్‌లో పండగ చూడాలంటే: మెయిన్ రోజు టీవీకి, ముందు రోజు మనకి

అమ్మాయ్,

మియాపూర్‌లో ఇల్లు సర్దుకున్నారని మీ అమ్మ చెప్పింది. ఏ నెలలో ఏముంటుందో లిస్టు రాసి పంపు పెద్దమ్మా అన్నావు కదా, లిస్టు కావాలంటే క్యాలెండర్‌లోనే ఉంది, దానికి నేనెందుకు? ఏది ఎప్పుడు చూడాలో, ఏ రోజున గడప దాటకూడదో అది రాస్తాను. రాజమండ్రిలో లాగా పండగ పూట తలంట్లు పోసుకుని, టిఫిన్లు కానిచ్చి, తీరిగ్గా బయల్దేరితే ఇక్కడ సగం దారిలోనే పొద్దుపోతుంది. నా పద్ధతి ఒకటే. మెయిన్ రోజుని టీవీకి వదిలేసి ముందు రోజో మర్నాడో మనం వెళ్లడం. ఆ రోజే చూసి తీరాల్సినవి ఒకటో రెండో ఉన్నాయి, అవీ చెప్తాను.

ముందు ఒక పని చెయ్యి. గోడకి తెలుగు క్యాలెండర్ తగిలించు, అందులో ముస్లిం పండగలు కూడా ఉండేలా చూసుకో. ఈ ఊరు తిథుల మీద ఎంత నడుస్తుందో నెలవంక మీదా అంతే నడుస్తుంది. వాళ్ల లెక్కలో అధికమాసం లేదు కాబట్టి రంజాన్, బక్రీద్, మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తాయి, నిరుడు ఎప్పుడొచ్చిందో గుర్తుపెట్టుకుని లాభం లేదు. ఇక మూడోది ట్రాఫిక్ పోలీసుల ప్రకటన. పెద్ద పండగకి ఒకట్రెండు రోజుల ముందు ఏ రోడ్డు ఎన్నింటి నుంచి మూస్తారో పేపర్లో వేస్తారు. అది చదవకుండా కారు తీయొద్దని మీ ఆయనకి చెప్పు. అసలు కారే వద్దు. మీ మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లే మెట్రో లైను ఖైరతాబాద్, నాంపల్లి, గాంధీభవన్, ఎంజీబీఎస్ అన్నింటి మీదుగా పోతుంది, పండగలు చూడ్డానికి అంతకన్నా మంచి బండి లేదు.

మీరు జూన్‌లో దిగారు కాబట్టి ఆషాఢం నుంచే మొదలుపెడతాను. మన వైపు ఆషాఢమంటే శూన్యమాసం, గోరింటాకు తప్ప ఏమీ ఉండదు. ఇక్కడ అదే బోనాల నెల. మొదట గోల్కొండ కోట మీద జగదాంబ అమ్మవారికి, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి, ఆ తర్వాత పాతబస్తీ లాల్ దర్వాజా సింహవాహినికి, ఆదివారం ఆదివారం వరసగా వస్తాయి. సికింద్రాబాద్ వాటిని లష్కర్ బోనాలంటారు. 1813 ప్రాంతంలో ఊళ్లో కలరా వచ్చి జనం పిట్టల్లా రాలిపోతుంటే ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి సైనికుడొకాయన అమ్మవారికి మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చాక సికింద్రాబాద్‌లో గుడి కట్టాడనీ చెప్తారు. మట్టి కుండలో పాలు బెల్లం వేసి వండిన అన్నం, చుట్టూ వేపమండలు, పైన దీపం, అదీ బోనం. ఒంటికి పసుపు పూసుకుని కొరడా ఝళిపిస్తూ వచ్చేవాడు పోతరాజు, అమ్మవారి తమ్ముడు. మీ వాడు జడుసుకుంటాడేమో, ముందే చెప్పి తీసుకెళ్లు.

గోల్కొండకి మొదటి రోజు వెళ్లకు. అక్కడ ఆ నెలంతా గురువారం, ఆదివారం పూజలుంటాయి, మధ్యలో ఒక గురువారం పొద్దున్నే వెళ్తే మెట్లు ఎక్కడానికీ, చూడ్డానికీ హాయిగా ఉంటుంది. మెయిన్ రోజే చూడాలన్నాను చూడు, అందులో ఒకటి లష్కర్ బోనాల మర్నాడు సోమవారం జరిగే రంగం. ఒకావిడ పచ్చికుండ మీద నిలబడి ఆ ఏడాది వానలెలా ఉంటాయో, ఊరికి ఏమవుతుందో భవిష్యవాణి చెప్తుంది. మీరు నమ్ముతారా లేదా అన్నది మీ ఇష్టం, ఆ నిశ్శబ్దం మాత్రం చూడాలి, వేల మంది జనంలో ఒక్కరు మాట్లాడరు. అయితే ఆ ఆది, సోమవారాల్లో సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కాల్సి వస్తే మామూలు కంటే రెండు గంటలు ముందే బయల్దేరండి, ముందు గేటు వైపు రోడ్లు మూస్తారు, చిలకలగూడ వైపు నుంచి వెళ్లడం మేలు. పక్కింటివాళ్లు బోనాలకి భోజనానికి పిలిస్తే వంక పెట్టి తప్పించుకోకు. మాంసం తినకపోతే ముందే చెప్పు, ఎవరూ ఏమీ అనుకోరు.

మొహర్రం గురించి ఒక్క ముక్క. అది సంతాప దినం, ఆఫీసులో ఎవరికీ హ్యాపీ మొహర్రం అని మెసేజ్ పెట్టకు. పదో రోజున బీబీ కా ఆలం అనే పవిత్ర ధ్వజం దబీర్‌పురా నుంచి ఏనుగు మీద చాదర్‌ఘాట్ దాకా వస్తుంది, గుండెలు బాదుకుంటూ, నెత్తురు చిందిస్తూ నడిచేవాళ్లుంటారు. పిల్లాణ్ణి తీసుకెళ్లమని చెప్పను.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో కొను, కానీ ముందు రోజు సాయంత్రం కాదు, అప్పటికి చామంతి, బంతి ధరలు రెండింతలు మూడింతలవుతాయి. రెండు రోజుల ముందు తెచ్చి తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు.

ఇక వినాయక చవితి. ఇది ఈ ఊరి అసలు పెద్ద పండగ, దీనికి ప్లాను లేకపోతే కష్టం. ఖైరతాబాద్ గణపతిని 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టారు, 2024లో డెబ్బై ఏళ్లకి గుర్తుగా డెబ్బై అడుగులు నిలబెట్టారు. దర్శనానికి మొదటి నాలుగైదు రోజుల్లో, అదీ వారం మధ్యలో, పొద్దున్నే మొదటి మెట్రోలోనే వెళ్లి ఖైరతాబాద్ స్టేషన్‌లో దిగాలి. శని, ఆదివారాలు వెళ్తే మాత్రం నువ్వు నడవక్కర్లేదు, జనమే మోసుకుపోతారు. మెడలో గొలుసు ఇంట్లో పెట్టు, ఫోన్ ముందు జేబులో పెట్టుకోమను, పిల్లాడి జేబులో మీ నంబర్ రాసిన కాగితం ఉండాలి.

నిమజ్జనం, అంటే అనంత చతుర్దశి, రెండోది, ఆ రోజే చూడాల్సింది. ఖైరతాబాద్ విగ్రహాన్ని పొద్దున్నే కదిలిస్తారు, మధ్యాహ్నం అటూ ఇటూగా హుస్సేన్ సాగర్‌లో దించేస్తారు. అది చూడాలంటే ఉదయం ఎనిమిదింటికల్లా ఎన్టీఆర్ మార్గ్ దగ్గరుండాలి, సాయంత్రం వెళ్దాంలే అనుకుంటే ఖాళీ క్రేన్ కనిపిస్తుంది. బాలాపూర్ నుంచి వచ్చే ఊరేగింపు ఆలస్యంగా చేరుతుంది, ఎందుకంటే అక్కడ ముందు లడ్డూ వేలం అవ్వాలి. 1994లో 450 రూపాయలకి పోయిన లడ్డూ 2025లో 35 లక్షలకి పోయింది, ఆ పాట టీవీలో చూడ్డమే బాగుంటుంది. మీ అపార్ట్‌మెంట్లో కూడా ఒక లడ్డూ వేలం ఉంటుంది, మీ ఆయన ఉత్సాహపడి పాట పెంచకుండా పక్కనే కూర్చో! మర్నాడు మధ్యాహ్నం దాకా కూడా విగ్రహాలు వస్తూనే ఉంటాయి కాబట్టి ఆ రోజు ఆఫీసుకి ట్యాంక్‌బండ్ వైపు నుంచి వెళ్లకండి.

కొన్నేళ్లు ప్రవక్త పుట్టినరోజు మిలాద్-ఉన్-నబీ, నిమజ్జనం ఒకే రోజు వస్తాయి. 2023లో అలాగే వచ్చింది, అప్పుడు ముస్లిం పెద్దలు తమ ఊరేగింపుని అక్టోబర్ 1కి వాయిదా వేసుకున్నారు. ఇలాంటి సర్దుబాట్లు ఈ ఊరికి అలవాటే, కానీ తేదీలు మారతాయి కాబట్టి పేపర్ చూడమని మళ్లీ మళ్లీ చెప్పేది అందుకే.

బతుకమ్మకి నువ్వు ప్రేక్షకురాలిగా వెళ్లకు, ఆడు. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మతో పూర్తవుతుంది, ఆరో రోజు అమ్మ అలిగిందని ఆడరు. తంగేడు, గునుగు, బంతి, చామంతి, గుమ్మడి పూలు రోడ్ల పక్కనే అమ్ముతారు. పేర్చడం ఒక్కదానివే కూర్చుని నేర్చుకోలేవు, మీ అంతస్తులో ఉన్న తెలంగాణ ఆవిడ ఎవరైనా పేరుస్తుంటే పళ్లెం పట్టుకుని వెళ్లి పక్కన కూర్చో. చప్పట్లు, అడుగు రెండు చుట్లలో వచ్చేస్తాయి. ట్యాంక్‌బండ్ మీద జరిగేది కళ్లకి బాగుంటుంది, కానీ సద్దుల రోజున కాలనీలో ఆడినదే గుర్తుంటుంది. పెరుగన్నం, పులిహోర, నువ్వులన్నం, కొబ్బరన్నం ఏదో ఒకటి నువ్వూ చేసి పట్టుకెళ్లు, ఖాళీ చేతులతో వెళ్లకు. దసరా రోజు జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారం అంటూ దణ్ణం పెడతారు, తెల్లమొహం వెయ్యకుండా తీసుకుని పెద్దవాళ్లకి నువ్వూ పెట్టు. వీలైతే ఒక సాయంత్రం దోమలగూడ రామకృష్ణ మఠంలో దుర్గా పూజకి వెళ్లిరా.

దీపావళి అయిన రెండో రోజు రాత్రి నారాయణగూడలో సదర్. యాదవులు దున్నపోతుల్ని నూనెతో నిగనిగలాడించి, పూలదండలు, గవ్వల పట్టీలు కట్టి, బ్యాండుతో ఊరేగిస్తారు. వాటిని ముందుకాళ్లెత్తి నిలబెడతారు కూడా. మీ వాడికి పిచ్చిగా నచ్చుతుంది, కానీ మొదటి వరసలో నిలబడొద్దు, ఆ చప్పుడుకి పశువు బెదిరితే చెప్పలేం. కార్తీకంలో వనభోజనాలకి ఎలాగూ ఎవరో ఒకరు పిలుస్తారు.

డిసెంబర్‌లో పుస్తక ప్రదర్శన. ఇందిరా పార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో పది రోజుల పైచిలుకు ఉంటుంది, తెలుగు పుస్తకాల స్టాళ్లన్నీ ఒక్కచోట దొరికేది అప్పుడే. మొదటి మూడు రోజుల్లో వెళ్తే మంచి పాత పుస్తకాలు ఇంకా ఉంటాయి. క్రిస్మస్‌కి మెదక్ చర్చి చూడాలని అందరూ 25నే పడిపోతారు. 1924 నాటి ఆ రాతి కట్టడం నాలుగు రోజుల ముందూ అక్కడే ఉంటుంది కదా! డిసెంబర్ 31 రాత్రి ఇంట్లోనే ఉండండి. ఫ్లైఓవర్లు మూస్తారు, ప్రతి మలుపులోనూ తాగి నడిపేవాళ్ల కోసం తనిఖీలుంటాయి.

జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి సగం దాకా నాంపల్లిలో నుమాయిష్, అంటే పెద్ద ఎగ్జిబిషన్. ఇది 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది, 1946లో ఇప్పుడున్న మైదానానికి వచ్చింది. గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే నాలుగడుగులు. సంక్రాంతి లోపు వెళ్లకు, సగం స్టాళ్లు ఇంకా మేకులు కొట్టుకుంటూ ఉంటాయి. వారం మధ్యలో నాలుగింటికి వెళ్లి చీకటి పడ్డాక ఒక గంట ఉండి వచ్చేయి. కాశ్మీరీ శాలువాలు, లక్నో చికన్ కుర్తీలు, డ్రై ఫ్రూట్స్ చివరి వారంలో బేరానికొస్తాయి, చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టు, మొహమాటపడకు. కొనేది ఏదైనా వెలుతురులో విప్పి చూడు. చెప్పులు కాదు, బూట్లు వేసుకో, దుమ్ము. 2019 జనవరిలో అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది, అందుకని లోపలికి వెళ్లగానే బయటికి దారులెటున్నాయో ఒకసారి చూసిపెట్టుకోండి.

సంక్రాంతికి మీరు రాజమండ్రికే వెళ్తారు, నాకు తెలుసు. రైలు టికెట్లు అరవై రోజుల ముందు తెరుస్తారు, ఆ ఉదయం ఎనిమిదింటికి ఇద్దరూ రెండు ఫోన్లు పట్టుకుని కూర్చోండి. గౌతమి ఎక్స్‌ప్రెస్ మీ పక్కన లింగంపల్లి నుంచే బయల్దేరుతుంది కాబట్టి సికింద్రాబాద్ దాకా రావద్దు. కార్లో వెళ్తే భోగి ముందు రోజు పంతంగి టోల్ గేటు దగ్గర కనీసం ఒక కాఫీ ఫ్లాస్కు అయిపోతుంది, అర్ధరాత్రి దాటాక బయల్దేరండి. ఒక ఏడాది మాత్రం వెళ్లకుండా ఇక్కడే ఉండి చూడు. రోడ్లు ఖాళీగా, గాలి శుభ్రంగా, పాతబస్తీ మేడలన్నింటి మీద గాలిపటాలు. స్కూటర్ మీద వెళ్తే హెల్మెట్ అద్దం దించుకోవాలి, మెడకి చున్నీ చుట్టుకోవాలి. గాలిపటాలకి కట్టే చైనా మాంజా దారాన్ని నిషేధించారు, అయినా గొంతులు తెగుతూనే ఉన్నాయి.

రంజాన్ ఇప్పుడు చలికాలం చివర్లో వస్తోంది, ఏటా ముందుకు జరుగుతూ నుమాయిష్ రోజుల్లోకి వచ్చేస్తుంది. చార్మినార్‌కి నెల మొదటి పది రోజుల్లో వెళ్తే మెల్లగా నడుస్తూ లాడ్ బజార్ గాజులు చూడొచ్చు, చివరి పది రోజులు కొనేవాళ్లవి. ఎంజీబీఎస్‌లో దిగి నయాపూల్ దాటి నడిస్తే అరగంట. ఇఫ్తార్ వేళకి దుకాణాలవాళ్లు ఖర్జూరం నోట్లో వేసుకునే ఆ పది నిమిషాలు బేరాలాడకు, పక్కన నిలబడు, చాలాసార్లు నీకూ ఒకటి ఇస్తారు. చివరి శుక్రవారం మక్కా మసీదు చుట్టుపక్కల దారులన్నీ మూస్తారు. హలీం 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న వంటకం, గోధుమలు, మాంసం, నెయ్యి గంటల తరబడి బట్టీ మీద మెదిపి చేస్తారు, ఇద్దరికి ఒక ప్లేటు చాలు. చార్మినార్ దాకా వెళ్లి పెద్ద పేరున్న చోటే తినాలని లేదు, మీ మియాపూర్‌లోనూ బట్టీలు పెడతారు, జనం ఎక్కువగా నిలబడిన బట్టీ చూసుకుని తిను.

ఉగాదికి రవీంద్రభారతిలో పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం. శ్రీరామనవమికి సీతారాంబాగ్ నుంచి శోభాయాత్ర, హనుమాన్ జయంతికి గౌలిగూడ నుంచి తాడ్‌బండ్ దాకా ఇంకోటి, ఆ రెండు రోజులూ కోఠి, సుల్తాన్ బజార్ షాపింగ్ పెట్టుకోకు. ఎండాకాలంలో ఉప్పల్‌లో క్రికెట్ ఉన్న సాయంత్రం అటువైపు చుట్టాలింటికి వెళ్లకు.

జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె వస్తుంది. బత్తిని కుటుంబం వాళ్లు అదే నాంపల్లి మైదానంలో చేప ప్రసాదం ఇస్తారు, బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు, శాకాహారులకి బెల్లంలో పెట్టి ఇస్తారు. మీ అత్తగారికి ఆయాసం ఉంది కదా, ఎవరో ఒకరు చెప్తారు, ఆవిడ వెళ్తానని పట్టుబడతారు. దానితో ఉబ్బసం తగ్గుతుందని వైద్యశాస్త్రం ఒప్పుకోలేదు. అయినా ఆవిడ మనసు కష్టపెట్టి ఆపడం నీ వల్ల కాదులే, వెళ్తే తెల్లవారుజామున తీసుకెళ్లు, మంచినీళ్లు, గొడుగు పట్టుకో, క్యూలో నువ్వు నిలబడి ఆవిణ్ణి నీడలో కూర్చోబెట్టు, డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ మాత్రం ఒక్క పూట కూడా ఆపనివ్వకు.

మీ పెద్దమ్మ