పనిలేని పావు ఏదో ముందు చూడు తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు పంపిన చెస్ గేములన్నీ కూర్చుని చూశాను. టాక్టిక్స్ లో, అంటే వెంటనే లాభం తెచ్చే దెబ్బల్లో నీకు ఢోకా లేదు, ఫోర్క్ (ఒకే పావుతో రెండిటి మీద దాడి) గానీ పిన్ (వెనకున్న పెద్ద పావు కోసం ముందున్నది కదల్లేకపోవడం) గానీ కనబడితే వదలట్లేదు, కానీ అవేం లేని పొజిషన్ వచ్చిందంటే మాత్రం ఏం తోచక ఏదో ఒక బంటుని ముందుకి తోసేస్తున్నావ్. అక్కడే పోతోంది నీ గేము. బంటు వెనక్కి రాదు కదా, అది దాటొచ్చిన గళ్ళని మళ్ళీ కాపాడలేదు.

మూడో గేమే తీసుకో. తెల్లవి నీవి, బంట్లు డీ4, ఈ3, ఎఫ్4 మీద పెట్టావ్ (అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస), మూడూ నల్లగళ్ళే. నల్లగళ్ళ మీద ఐమూలగా తిరగాల్సిన నీ బిషప్ ఏమో సీ1 లోనే ఇరుక్కుపోయింది. డీ బంటు, ఎఫ్ బంటు రెండూ ముందుకెళ్ళిపోయాయి కాబట్టి ఈ4 లోకి అవతలివాడి గుర్రం వచ్చి కూర్చుంటే బంటుతో తరమడానికి నీకు దారే లేదు, అది చివరిదాకా అక్కడే ఉండి నిన్ను చంపేసింది. నువ్వు అటాక్ కోసం వెతికినంతసేపూ ఆ బిషప్ ఖాళీగానే ఉంది. డీ2, ఈ1, హెచ్4, మూడే ఎత్తులు, బయటపడిపోయేది, అక్కడ్నించి ఎఫ్6 లో ఉన్న అవతలివాడి గుర్రాన్ని చంపి, బదులుగా బిషప్ ని ఇచ్చి మార్చేసుకున్నా నీకే లాభం.

అందుకే ఏం తోచనప్పుడల్లా నా పావుల్లో ఏది పని చెయ్యట్లేదు అని అడుగు, దానికో మంచి గడి వెతుకు. వెంటనే ఇంకోటి, అవతలివాడికి వరసగా రెండు ఎత్తులిస్తే ఏం చేస్తాడు అని. ఈ రెండోది చాలామంది అడగరు, నాకూ అలవాటవడానికి ఏళ్ళు పట్టింది.

1974లో ఫ్రాన్స్ లోని నీస్ లో జరిగిన చెస్ ఒలింపియాడ్ (దేశాల జట్ల పోటీ) లో రష్యన్ ఆటగాడు కార్పోవ్ తెల్లపావులతో, జర్మన్ ఆటగాడు ఉంజికర్ మీద ఆడిన గేము తప్పకుండా చూడు. ఏ ఫైల్ లో, అంటే అంచున ఉండే ఏ నిలువు వరసలో, ఇద్దరి రూకులూ (తిన్నగా నడిచే ఏనుగులు) ఎదురెదురుగా ఉన్నాయి, మనమైతే మార్చేసుకుంటాం. కార్పోవ్ 24వ ఎత్తులో బిషప్ ని తీసుకెళ్ళి ఏ7 లో అడ్డం పెట్టాడు! ఇంక నల్లపావులతో ఆడుతున్న ఉంజికర్ రూకులు మార్చలేడు, కార్పోవ్ మాత్రం దాని చాటున రెండు రూకులూ ఒకదాని వెనక ఒకటి పెట్టుకున్నాడు. ఉంజికర్ ఆ వైపు కాపలా వదిలి రాలేకపోతుంటే తీరిగ్గా రాజు వైపు ఎఫ్ బంటు తోసి 44వ ఎత్తుకి గెలిచేశాడు. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఓపెనింగ్ (ఆట మొదట్లో ఎత్తుల) పుస్తకాలు కొన్నాళ్ళు పక్కన పెట్టు. ఇలాంటి పాత గేములు వారానికి రెండు చాలు, గెలిచినవాడి ఎత్తు మూసిపెట్టి నువ్వు ఊహించి, కాయితం మీద రాసి, అప్పుడు తెరిచి చూడు. ఇంజిన్ (చెస్ లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) మాత్రం చివర్లో, ఎందుకంటే అది 0.4 అని, అంటే అర బంటుకి కాస్త తక్కువ ఆధిక్యం అని, అంకె చెప్తుంది గానీ ఆ 0.4 ఏ గడి వల్లొచ్చిందో నువ్వే కనిపెట్టాలి.

ఈసారి గేము పంపేటప్పుడు 15వ ఎత్తు దగ్గర ఆగి, నీ పావుల్లో ఏది ఖాళీగా ఉందో ఒక్క లైన్ రాసి పంపు, ఇద్దరం అక్కణ్ణించే మొదలుపెడదాం.